టేపు బావ బిగించిన సౌండు

మా బావని ఇంట్లో అందరం టేపు బావ అంటాం. ఆయన దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు మా అక్క తప్ప ఇంకెవరూ ఉండరు. పెళ్ళి ఫోటోలో కూడా కోటు కాలరు కింద నుంచి పసుపుపచ్చ అంచు ఒకటి తొంగిచూస్తూ ఉంటుంది. ఆ కోటు ఆయనే కుట్టుకున్నాడు. భుజం సరిగ్గా కూర్చోలేదని చివరిదాకా సరిచేసుకుంటూనే ఉన్నాడట, టేపు తీయడం మర్చిపోయాడు.

ఆయనకి రెండు జబ్బులు. మొదటిది, కంటికి కనిపించిన ప్రతి వస్తువుకీ ముసుగు కుట్టడం. ఫ్రిజ్జుకి ముసుగు, మిక్సీకి ముసుగు, ఇస్త్రీ పెట్టెకి ముసుగు, రిమోటుకి బొత్తాలతో సహా ఒక చొక్కా. వాళ్ళింట్లో కాసేపు కదలకుండా కూర్చుంటే నాకూ కొలతలు తీసేస్తాడేమోనని భయం వేస్తుంది. రెండో జబ్బు, తను అన్నదే సరైనదని పట్టుబట్టడం. దీనికి మందు లేదు. ఎందుకంటే నిజానికి చాలాసార్లు ఆయన అన్నదే సరైనది. కొలతలో, లెక్కలో, దారిలో, రైలు టైములో ఆయన తప్పడు. ఎప్పుడూ తప్పు చేసే మనిషితో ఎలాగోలా వేగొచ్చు. ఎప్పుడూ తప్పు చేయని మనిషి ఒక్కసారి తప్పు చేస్తే ఆ ఇంట్లోవాళ్ళ గతి ఏమిటో నేను కళ్ళారా చూశాను.

మా అక్క కూడా ఆ షాపులోనే పని చేస్తుంది. గుండీలు, కాజాలు, చేత్తో కుట్టాల్సిన అంచులు అన్నీ ఆమెవే. కళ్ళు కనిపించేటప్పుడూ అదే పని, కనిపించడం మానేశాకా అదే పని. చూపు ఒక్కరోజులో పోలేదు. పక్కల నుంచి మొదలై కొద్దికొద్దిగా దగ్గరికి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు లైటు వెలిగిందో లేదో తెలుస్తుంది, అంతే. సూదిలో దారం బావ ఎక్కించి పెడతాడు. మిగతాదంతా వేళ్ళే చూసుకుంటాయి.

ఇల్లు రోడ్డుకి ఇవతల, షాపు అవతల. మధ్యలో సిగ్నలూ లేదు, గీతలూ లేవు. బస్సులు, వ్యాన్లు, మోటారు సైకిళ్ళు ఎవరి పాటికి వాళ్ళు పోతూ ఉంటారు. మొదట్లో బావే చెయ్యి పట్టుకుని దాటించేవాడు. ఒకరోజు అక్క ఆ చెయ్యి విడిపించుకుని, "నేను వస్తాలెండి, మీరు పని చూసుకోండి" అంది. అప్పటి నుంచి ఒంటరిగానే దాటుతోంది. గట్టు అంచున కర్ర ఆనించి, తల కాస్త వంచి, కుడి నుంచి ఏం వస్తోంది, ఎడమ నుంచి ఏం వస్తోంది అని విని, దారి ఖాళీ అనిపించాక అడుగు వేస్తుంది. ఆమె అవతలికి చేరేదాకా షాపులో బావ కాలు కుట్టుమిషను మీద ఆడదు. ఆ విషయం అక్కకి తెలుసు. మిషను చప్పుడు ఆగడం ఆమెకి వినపడుతుంది కదా. అయినా తెలియనట్టే ఉంటుంది. ఆ రోడ్డు దాటడం ఒక్కటే తన చేతిలో మిగిలిందని, దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వనని నాతో ఎన్నోసార్లు అంది.

ఇక సినిమాలు. అక్కకి సినిమాల పిచ్చి. చూపు పోయాక కూడా టీవీ ముందు కూర్చుని వింటూ ఉండేది. కానీ పాత టీవీ స్పీకరులోంచి అన్నీ ఒక్కచోటి నుంచే వస్తాయి. "అందరూ ఒక మూల గుమిగూడి మాట్లాడుకుంటున్నట్టు ఉందే. ఎవరు ఎక్కడున్నారో తెలిసి చావదు" అనేది నాతో. ఆ మాట బావ చెవిన పడింది. పడితే ఊరుకుంటాడా? వారం తిరక్కుండానే సరౌండ్ సౌండు ప్రాసెసరు, దానికి తగిన స్పీకర్లు ఇంటికి వచ్చేశాయి. ఆ సంగతి తలుచుకుంటే ఆయన్ని తిట్టడానికి నాకు సగం నోరే వస్తుంది. మిగతా సగంతోనే ఇదంతా చెబుతున్నాను.

పెట్టె తెచ్చి దింపిన సౌండు షాపతను దాన్ని చక్కగా వివరించాడు. సినిమాలోంచి వచ్చే శబ్దాన్ని ఆ పెట్టె ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఏ స్పీకరుకి వెళ్ళాలో పంచుతుందట. "అంటే కటింగ్ మాస్టరన్నమాట" అన్నాడు బావ. షాపతను నవ్వి, "అంతే సార్. నేనే బిగించి వెళ్తాను" అన్నాడు.

"ఎందుకు? నాకు చేతులు లేవా?"

"అది కాదు సార్..."

"ఎలా బిగించాలో చెప్పు. చాలు."

పాపం అతను గుమ్మంలో నిలబడే అన్నీ చెప్పాడు. తీగలు కలిపేటప్పుడు ప్లగ్గు తీసేసి ఉండాలి. తీగ చివర పోగులు బయటికి వేలాడి ఒకదానికొకటి తగలకూడదు. మొదటిసారి ఆన్ చేసే ముందు వాల్యూము పూర్తిగా తగ్గించి ఉండాలి. పెట్టె వేడెక్కుతుంది, పైనా పక్కలా గాలి ఆడాలి, దాని మీద ఏమీ పెట్టకూడదు, ఏమీ కప్పకూడదు. బావ ప్రతిదానికీ తల ఊపాడు. అతను మెట్లు దిగుతూ చివరగా, "ఎడమ స్పీకరు ఎడమ రంధ్రానికి, కుడిది కుడి రంధ్రానికి. అదొక్కటి మారకుండా చూసుకోండి" అన్నాడు.

"నాకా చెప్తున్నావు!" అని బావ నవ్వాడు. నిజమే. ఎడమ కుడి తెలియకుండా కోటు కుట్టేవాడు ఎవడుంటాడు?

నేను పక్క వీధిలోనే ఉంటాను. ఆ సెలవు రోజంతా అక్కడే ఉండి ఈ తతంగమంతా చూశాను. ముందు తీగలు కొయ్యాలి. ఇంట్లో కత్తెరలకి కొదవేముంది? కానీ గుడ్డ కోసే కత్తెరతో రాగి తీగ కోస్తే బావ ప్రాణం పోతుంది. కూరలు కోసే చాకు అక్క ఇవ్వనంది. చివరికి దారం తెంపినట్టు పంటితో తొడుగు ఊడదీయడం మొదలుపెట్టాడు. తర్వాత ఒక్కో తీగకీ గుడ్డముక్కతో చీటీ కుట్టాడు. ముందు ఎడమకి 'ము ఎ', ముందు కుడికి 'ము కు', వెనకవాటికి 'వె ఎ', 'వె కు'. మామూలు దారం కాదు, అక్క వేళ్ళకి తెలియాలని లావు దారం, అక్షరాలు పైకి ఉబికేటట్టు. ఆ చీటీలు కుట్టడానికి పట్టిన సమయంలో ఎవరైనా రెండు ఇళ్ళల్లో సౌండు బిగించేసేవారు.

తీగలు పెట్టెకి తగిలిస్తుంటే వంటగదిలోంచి అక్క కేకేసింది. "ప్లగ్గు తీశారా?"

"తీశానే."

"పెట్టె సన్నగా గురక పెడుతోంది. తీయలేదు."

నాకేమీ వినపడలేదు. బావకీ వినపడలేదు. వంగి చూస్తే ప్లగ్గు గోడకే ఉంది. బావ దాన్ని పీకేశాడు. ఆ రోజు ఆయన అక్క చెవుల్ని నమ్మాడు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది వింటే నాకెందుకు ఒళ్ళు మండిందో తెలుస్తుంది.

అన్నీ తగిలించాక, వాల్యూము సున్నాకి తిప్పి, ఆఖరున పెట్టెకి దుమ్ము అంటిందని గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచాడు. ఆ తుడవడంలో వాల్యూము బొత్తాం తిరిగి చివరికి పోయింది. ఎవరూ చూడలేదు. ఆన్ చేయగానే గదిలో పిడుగు పడింది. కిటికీ అద్దాలు కొట్టుకున్నాయి, పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. అక్క సరిగ్గా స్పీకరు ముందు నేల మీద కూర్చుని ఉంది. చెవులు రెండూ మూసుకుని అలాగే ముడుచుకుపోయింది. బావ పరుగెత్తి ప్లగ్గు లాగేసి, "ఏమైంది? వినపడుతోందా? నేను మాట్లాడేది వినపడుతోందా?" అని పదే పదే అడిగాడు. సాయంత్రం దాకా చెవులు గుయ్యిమంటూనే ఉన్నాయంది అక్క. మర్నాటికి తగ్గిపోయింది.

పెట్టెతో పాటు చిన్న మైకు ఒకటి ఇచ్చారు. మనం కూర్చునే చోట దాన్ని పెడితే, ఒక్కో స్పీకరులోంచి బుస్సుమని ఒక చప్పుడు వస్తుంది. ఏ స్పీకరు ఎంత దూరంలో ఉందో మైకే కొలిచి, హెచ్చుతగ్గులు అదే సరిచేసుకుంటుంది. కొలవడం అన్న మాట వినగానే బావకి ప్రాణం లేచి వచ్చింది. మైకు కొలిచాక తన టేపుతో తనూ కొలిచి చూసుకున్నాడు. రెండూ కలిశాయి. 'అన్నీ సరిగ్గా ఉన్నాయి' అని తెర మీద పడింది. బావ మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను.

మొదటి సినిమా మధ్యలో ఒక మోటారు సైకిలు వెనక నుంచి వచ్చి ముందుకి దూసుకుపోతుంది. అక్క ఉలిక్కిపడి కాళ్ళు పైకి ముడుచుకుంది.

"ఏమైంది?"

"నా మీదుగా పోయిందండీ."

"నీ మీదుగా ఎందుకు పోతుంది? నీ పక్క నుంచి పోయింది."

"కాదు. వెనక కుడి పక్క మొదలైంది. ముందుకొచ్చేసరికి ఎడమ పక్క తేలింది. నన్ను అడ్డంగా కోసుకుంటూ పోయింది."

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే అంది. నాకు మాత్రం బండి తెర మీద కుడి పక్క కనిపించింది, చప్పుడు కూడా కుడి పక్కే వచ్చినట్టు అనిపించింది. కళ్ళున్నవాళ్ళతో వచ్చిన చిక్కు అదే. బొమ్మ ఎటుంటే చప్పుడూ అటే ఉందని మన బుర్ర సర్దుకుపోతుంది. బావ పెట్టె దగ్గరికి వెళ్ళి చీటీలు చూశాడు. 'ఎ' అని ఉన్నది ఎడమ రంధ్రంలోనే ఉంది, 'కు' అని ఉన్నది కుడి రంధ్రంలోనే ఉంది. మైకు మళ్ళీ పెట్టాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయనే తెర మీద పడింది.

"చూశావా? మిషనే చెప్తోంది."

"మిషను ఏం చెప్తే నాకేం? నాకు వినపడేది చెప్తున్నా."

"మొన్నటి మోతకి నీ చెవులకే ఏదో అయినట్టుంది" అన్నాడు బావ.

కోపంగా అనలేదు. భయంగానే అన్నాడు. కానీ ఆ మాట అక్కలో ఎంత లోతుకి దిగిందో అప్పుడు మా ఇద్దరికీ తెలియలేదు. ఆ తర్వాత సినిమా పెట్టినప్పుడల్లా ఇదే గోల. గదిలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే, "వాడు కుర్చీలో కదా కూర్చున్నాడు, కిటికీ దగ్గర నుంచి మాట్లాడుతున్నాడేంటి?" అంటుంది అక్క. "కుర్చీలోంచే మాట్లాడుతున్నాడు" అంటాడు బావ. పోనీ బావ విసుక్కుంటే తిరిగి పోట్లాడటానికైనా ఉండేది. విసుక్కోడు. ఓపిగ్గా, చంటిపిల్లకి చెప్పినట్టు, "కాదు, నువ్వు పొరబడుతున్నావు, కుడి పక్కే" అని నచ్చజెబుతాడు. ఆ ఓపిక చూస్తే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

దీనికి తోడు ఆ పెట్టె సినిమా మధ్యలో ఆగిపోవడం మొదలైంది. కాసేపు ఆడుతుంది, టక్కున ఆగుతుంది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి మాడు వాసన. చూద్దును కదా, పెట్టెకి నీలం రంగు ముసుగు. అంచులకి పైపింగు, బొత్తాల దగ్గర కన్నాలు, అబ్బో! చెయ్యి పెడితే కాలింది.

"గాలి ఆడాలన్నాడుగా బావా! ఏమీ కప్పొద్దన్నాడుగా!"

"కప్పలేదు. కుట్టాను. ముందు పక్కంతా తెరిచే పెట్టానుగా?"

"గాలి కన్నాలు పైన ఉన్నాయి!"

"దుమ్ము కూడా పై నుంచే పడుతుంది" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ముసుగు నేనే పీకి పారేశాను. ఆయన దాన్ని మడతపెట్టి దాచుకున్నాడు. పెట్టె ఆగిపోవడం మానేసింది. అక్క చెప్పే తేడా మాత్రం మారలేదు.

ఆ వారంలోనే రోడ్డు మీద అది జరిగింది. అక్క ఎప్పటిలాగే గట్టు దిగింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తర్వాత చెప్పింది. ఎడమ నుంచి వ్యాను వస్తున్నట్టు వినపడిందట. వెంటనే, నిజంగా ఎడమేనా, నేను పొరబడుతున్నానేమో, కుడేమో అనిపించిందట. ముందుకి వెళ్ళాలో వెనక్కి వెళ్ళాలో తెలియక నడిరోడ్డు మీద కర్ర పట్టుకుని నిలబడిపోయింది. వ్యాను డ్రైవరు బ్రేకు వేసి, దిగి, నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ సూది చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చి ఆమెను అవతలికి తీసుకెళ్ళాడు. వ్యాను వచ్చింది ఎడమ నుంచే.

మర్నాటి నుంచి అక్క షాపుకి వెళ్ళలేదు. గుండీల పని ఇంటికే పంపమంది. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చిన్న గదిలో కూర్చోబెట్టి, ఏవేవో చప్పుళ్ళు వినిపించి, రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం బయటికి వచ్చాక నెమ్మదిగా, "పెట్టె బాగుంది. చెవులు బాగున్నాయి. అయితే బుర్ర పోయినట్టేగా?" అంది.

"అలా ఎందుకంటావు? అలవాటు పడాలి అంతే" అన్నాడు బావ.

నాకు చిర్రెత్తుకొచ్చి సౌండు షాపతనికి నేనే ఫోన్ చేశాను. అతను, "మైకు టెస్టు పాసయిందా మేడమ్? మరి ఎడమ కుడి మారలేదుగా?" అన్నాడు. బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "ఎడమది ఎడమకే ఉందయ్యా, కుడిది కుడికే ఉంది. నా చేత్తో చీటీలు కుట్టి మరీ పెట్టాను" అన్నాడు. "అయితే ఇంకేం సమస్య లేదు సార్" అన్నాడతను. ఆయన అబద్ధం చెప్పలేదు. అతనూ అబద్ధం చెప్పలేదు. అందరూ నిజమే చెబుతున్నారు, మా అక్క మాత్రం నా కళ్ళ ముందే కుంచించుకుపోతోంది. ఇంట్లో కూడా గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నేను పిలిస్తే ముందు ఒక పక్కకి తిరిగి, ఆగి, రెండో పక్కకి తిరిగేది. అది చూసిన రోజు నాకు ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం బావ షాపులో ఉండగా, "ఈ దిక్కుమాలిన పెట్టెని తీసి పారేస్తానే" అన్నాను.

"పారేయకు. విప్పి అట్టపెట్టెలో సర్దు. ఆయన ముచ్చటపడి కొన్నారు" అంది అక్క.

ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, పెట్టె వెనక తీగలు ఒక్కొక్కటే విప్పసాగాను. అక్క టీవీకి కుడి పక్కనున్న స్పీకరు దగ్గర నేల మీద కూర్చుని, దాని తీగ ఉండ చుట్టసాగింది. చుడుతూ చుడుతూ ఆగింది. బొటనవేలు ఒకేచోట పైకీ కిందికీ తిరుగుతోంది.

"ఇది ఏ స్పీకరే?"

"కుడిది."

"నాకు కుడేనా?"

"నీకైనా నాకైనా కుడే."

"మరి దీని మీద 'ఎ' అని ఉంది."

నాకింకా వెలగలేదు. అప్పుడే బావ టీ కోసం లోపలికి వచ్చాడు. మెడలో టేపు, చొక్కా అంచుకి గుచ్చిన సూది. అక్క ఆయన అడుగుల చప్పుడు వైపు మొహం తిప్పింది.

"ఏమండీ, ఇది ఎడమ స్పీకరా?"

"ఊఁ. అంత లావు దారంతో కుట్టాను, తెలియడం లేదా?"

"తెలుస్తోంది. ఇది ఎవరి ఎడమండీ?"

"ఎవరి ఎడమేంటి? టీవీ పక్కన ఉంది, టీవీ ఎడమ. ఎదురుగా నిలబడ్డ మనిషికి కొలత తీస్తూ ఎడమ జేబు అంటే మన ఎడమకి పెడతామా? తొడుక్కున్నవాడి ఎడమకి పెడతాం. ఇన్నేళ్ళ నుంచి గుండీలు కుడుతున్నావు, ఆ మాత్రం నీకు..."

అక్కడ ఆగాడు. టీవీ చొక్కా తొడుక్కోదని ఆయనకి అప్పుడు తట్టింది.

"మరి వెనకవో?" అన్నాను నేను.

"వెనకవి... కూర్చున్నవాళ్ళ వీపు దగ్గర కదా. అవి మనవి" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు అంత చిన్నగా రావడం నేను అంతకుముందు వినలేదు.

వెనకవి మనవి, ముందువి టీవీవి. బండి గదిని అడ్డంగా కోసుకుంటూ పోక ఏం చేస్తుంది? మైకుకి దూరమే తెలుసు, పక్క తెలియదు. నవ్వాలో, అక్కడున్న గుండీల డబ్బా ఎత్తి ఆయన నెత్తిన కొట్టాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే కొట్టాలనే అనిపించింది.

అక్క అరవలేదు. తీగ ఒళ్ళో పెట్టుకుని, "నా చెవులు బాగానే ఉన్నాయి" అంది. "డాక్టరు చెప్పినా మీరు నమ్మలేదు. మీరు నమ్మలేదని నేనూ నమ్మలేదు" అంది.

టీ చల్లారిపోయింది. ఆయన నేల మీద కూర్చుని తీగలు మార్చి తగిలించాడు. వాల్యూము తగ్గి ఉందో లేదో రెండుసార్లు చూసి ఆన్ చేశాడు. మోటారు సైకిలు వెనక కుడి పక్క మొదలై ముందు కుడి పక్కకే వెళ్ళిపోయింది. "ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే, "బాగుంది" అంది అక్క. ఏ ఆనందమూ లేని గొంతుతో.

ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. తీగలు మార్చినంత సులువుగా మనిషి చెవులు మారవు కదా. అక్క సినిమాలు వింటోంది, ఎవరు కుర్చీలో ఉన్నారో, ఎవరు కిటికీ దగ్గరున్నారో చెబుతోంది. కానీ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆడేవి కావు. బావ మళ్ళీ చెయ్యి పట్టుకుని షాపుకి తీసుకెళ్ళడం, చెయ్యి పట్టుకుని తీసుకురావడం. అక్క ఆ చేతిని విడిపించుకోవడం లేదు. అదే నాకు మింగుడు పడలేదు. "తప్పు నాదేనే మరదలా" అని బావ నాతో అన్నాడు. "నాతో చెప్తే ఏం లాభం?" అన్నాను. "దానితో కూడా చెప్పాను. పర్లేదులెండి అంది. అలా అనడమే నాకు బాలేదు" అన్నాడు.

ఒక ఉదయం నేనూ వాళ్ళతో బయల్దేరాను. ముగ్గురం గట్టు మీద నిలబడ్డాం. బావ అక్క చెయ్యి పట్టుకుని కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు. "ఖాళీ. పద" అన్నాడు.

అక్క కదల్లేదు. "బస్సు వస్తోంది" అంది. అని వెంటనే తల దించుకుంది, అనకూడని మాట అన్నట్టు.

నేనూ చూశాను. ఎడమ పక్క మందుల షాపు దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. అక్కడిదాకా ఏమీ లేదు. కుడి పక్కా ఏమీ లేదు. చప్పుడైనా లేదు. బావ నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు. ఎక్కడుందే బస్సు, రోడ్డంతా ఖాళీగా ఉంటే, నువ్వు పొరబడుతున్నావు. ఇన్ని రోజులుగా ఆ మాటే విన్నాం కదా.

ఆయన నోరు మూసుకున్నాడు. "ఎటు నుంచి?" అన్నాడు.

"ఎడమ నుంచి" అంది అక్క. ఆగి, "నా ఎడమ" అంది.

"సరే" అన్నాడు బావ.

ఖాళీ రోడ్డు ముందు ముగ్గురం నిలబడ్డాం. ఒక సైకిలు పోయింది. అవతల షాపు ముందు ఎవరో ప్యాంటు పట్టుకుని బావ కోసం ఎదురుచూస్తున్నాడు. నాకే అనుమానం వచ్చింది, నాకే కాళ్ళు ఆగలేదు. బావ ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి మారాడు కానీ గట్టు దిగలేదు, మాట్లాడలేదు. ఆయన చేతిలో అక్క చెయ్యి బిగుసుకుపోయి ఉంది.

మందుల షాపు మలుపులోంచి బస్సు తిరిగింది. మా ముందు నుంచి రయ్యిమని పోయింది. ఆ గాలికి బావ మెడలో టేపు ఎగిరింది.

అక్క ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. తల కాస్త వంచి కుడి విన్నది, ఎడమ విన్నది. కర్ర ముందుకి వేసి గట్టు దిగింది, ఒక్కసారి కూడా ఆగకుండా అవతలికి చేరింది. ప్యాంటు మనిషి పక్కకి జరిగి ఆమెకి దారి ఇచ్చాడు.

బావ మాత్రం ఇవతలే నిలబడి ఉన్నాడు. ఖాళీ చెయ్యి ఇంకా అలాగే ముందుకి చాచి ఉంది.